నాలుగు గంటల ఆట

ఆ ఎండాకాలమంతా నాకు రోజుకి మూడు గ్లాసుల నీళ్ళే రాసిపెట్టారు. మాత్రలు మింగే గుక్కలూ, పొద్దుటి టీ కూడా అందులోకే వస్తాయి. కిడ్నీలు రెండూ పని మానేస్తే తాగిన నీరు ఒంట్లోనే ఉండిపోతుంది. దాన్ని వారానికి మూడుసార్లు, పూటకి నాలుగు గంటల చొప్పున మిషను తోడెయ్యాలి. సోమ, బుధ, శుక్రవారాలు మధ్యాహ్నం ఒంటిగంటకి ఆసుపత్రి రెండో అంతస్తులో మూడో నంబరు మంచం నాది. ఎడమచేతిలో రెండు సూదులు. పక్కన కుర్చీలో మా తమ్ముడు. వాడి చేతిలో ఫోను, ఫోనులో తెలుగు సినిమా.

తమ్ముడు లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. పన్నెండంతస్తుల గోతిలో, లిఫ్టు నెత్తిమీద నిలబడి, చేతిలో టార్చి పట్టుకుని పని చేస్తాడు. వాడికి సినిమాలు రెండే రకాలు: ఫైట్లున్నవీ, నవ్వించేవీ. ఏడిపించే సినిమా పెడితే, ఇంట్లో లేదా ఏంటి ఏడుపు, డబ్బులిచ్చి మరీ చూడాలా అనేవాడు. కొత్త సినిమా వచ్చిందంటే మొదటిరోజు మొదటి ఆటలో ఉండాల్సిందే. పెళ్ళయిన కొత్తలో మా మరదలిని తీసుకెళ్ళి, హీరో తలుపు బద్దలుకొట్టుకుని వచ్చేసరికి సీటెక్కి ఈల వేశాడట. ఆ పిల్ల సిగ్గుతో కొంగు మొహాన కప్పుకుందట. ఆర్నెల్లు తిరిగేసరికి తనే రెండు వేళ్ళు నోట్లో పెట్టి ఈల వేయడం నేర్చుకుంది.

నాకు మాత్రం ఆ సినిమాలు పడేవి కావు. నేను కళ్ళద్దాల షాపులో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించేదాన్ని. అర మిల్లీమీటరు తేడా వస్తే అద్దం కూర్చోదు. పొద్దస్తమానం అంత ఖచ్చితంగా బతికే మనిషికి, ఒక్క గుద్దుకి నలుగురు గాల్లోకి లేచే వ్యవహారం ఏం నచ్చుతుంది? కానీ సూదులు గుచ్చిన చెయ్యి కదపకూడదు, పుస్తకం పట్టుకోలేను, పైకప్పులో లెక్కపెట్టడానికి పలకలు పద్దెనిమిదే ఉన్నాయి. రెండోవారానికల్లా వాడి ఇయర్‌ఫోనులో ఒక ముక్క నా చెవిలోకి వచ్చేసింది.

వాడికి దాంట్లో ఒక పద్ధతుండేది. సూదులు దిగే మొదటి గంటా కామెడీ. బీపీ నిలకడగా ఉండే రెండో గంటా మూడో గంటా ఫైట్లు. ఆఖరి గంటలో నాకు పిక్కలు పట్టేసేవి, అప్పుడు మళ్ళీ కామెడీ. ఏ సినిమాలో ఏ నిమిషానికి ఏముందో వాడికి కంఠతా వచ్చు. మాట ఇంకా రాకముందే వాడికి నవ్వొచ్చేసేది. "చూడు చూడు, ఇప్పుడు తలుపు తెరుస్తాడు" అంటూ నా మొహం వైపే చూస్తూ కూర్చునేవాడు. నేను నవ్వితే వాడికి ప్రాణం లేచొచ్చేది.

ఒకరోజు అడిగాను. "ఇరవైమంది ఉన్నారు కదరా, అందరూ ఒక్కసారే మీదపడొచ్చుగా? ఒక్కొక్కడే వచ్చి తన్నించుకోవడమేంటి?"

"లైను తప్పితే బాగోదక్కా. పద్ధతిగా పెరిగిన రౌడీలు."

రెండో మంచం మీదున్న లెక్కల మాస్టారు అది విని దగ్గినట్టుగా నవ్వాడు. ఆయన రిటైరై పదేళ్ళయింది. పిల్లలు చెడిపోయేది ఇలాంటి సినిమాల వల్లేనని మొదటిరోజే మాకు క్లాసు తీసుకున్న మనిషి. తరవాతి వారం ఫోను కాస్త అటు తిప్పమన్నాడు. ఆపై వారానికి తమ్ముడు ఒక స్టాండు కొనుక్కొచ్చి, రెండు మంచాలకీ మధ్యనున్న ఇనుప బల్లమీద ఫోను నిలబెట్టాడు. కారు ఎగిరి మేడమీద వాలితే, అంత బరువు అంత ఎత్తుకి లేవాలంటే ఎంత వేగం కావాలో మాస్టారు గాల్లో వేలితో లెక్క వేసేవాడు. తేలిన జవాబు ఏదైనా సరే, చివరికి ఆయన అనేది ఒకటే మాట, "అయినా బాగానే తీశాడు."

నలభై ఏళ్ళ వయసులో, చేతికి గొట్టాలు తగిలించుకుని, నేనొక సినిమా అభిమానినయ్యాను. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ నవ్వొస్తోంది. ఆ గది అంత బాగున్నది ఆ ఒక్క నెలే.

మే మొదట్లో పెద్ద డాక్టరు మా ఇంట్లోవాళ్ళని పిలిపించాడు. నా గుండె మిషను ఒత్తిడికి అలిసిపోతోందని, ఇంట్లో ఎవరైనా కిడ్నీ ఇవ్వగలిగితే ఆలస్యం చెయ్యకుండా ఆలోచించమని చెప్పాడు. అమ్మకి చక్కెర జబ్బు. నాన్న లేడు. నాకు పెళ్ళి కాలేదు. ఇక మిగిలింది ఎవరో అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ వాడివైపు చూడలేదు. వాడే లేచాడు. అక్కడ ఏమీ అనలేదు. తిన్నగా డయాలసిస్ గదిలోకి వచ్చి, ఆరు మంచాలవాళ్ళూ వినేట్టుగా అన్నాడు.

"ఒకటి చాలా? రెండూ తీసుకోమనండి. మా అక్క దగ్గర స్పేరు ఉంటుంది."

గదంతా చప్పట్లు కొట్టింది. మిషన్లు చూసుకునే టెక్నీషియను వచ్చి వాడి వీపు తట్టాడు. మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. నేను మొహం గోడవైపు తిప్పుకున్నాను. వాడికి ఏడేళ్ళప్పుడు నాన్న పోతే, వాడి బూట్ల లేసులు కట్టడం దగ్గర్నుంచి వాడి మొదటి జీతం దాకా అన్నీ నేనే చూసుకున్నాను. దానికి బదులుగా ఏదో ఒకటి తిరిగి రావాలని ఎప్పుడూ అనుకోలేదు. వచ్చేసరికి మాత్రం తట్టుకోలేకపోయాను.

ఆ వారమే డాక్టరు మా ఇద్దర్నీ కూర్చోబెట్టి అన్నీ వివరించాడు. ఏ పరీక్షలు చేస్తారు, ఎక్కడ కోస్తారు, ఇచ్చినవాళ్ళు ఎన్నాళ్ళు బరువులెత్తకూడదు. అందరికీ చెప్పే మాటల్లా ఒకే గొంతుతో చెప్పుకుపోయాడు. చివర్లో ఒకటి చెప్పాడు. ఇచ్చేవాళ్ళతో ఆయన విడిగా మాట్లాడతాడట. ఎవరికైనా ఎప్పుడైనా ఇష్టం లేకపోతే ఆయనొక్కడికే చెబితే చాలట. ఇంట్లోవాళ్ళకి 'పరీక్షల్లో సరిపడలేదు' అని మాత్రమే చెప్తాడట. అసలు కారణం ఆ గది దాటదట.

"ఆ సీను మాకు అక్కర్లేదు డాక్టర్ గారూ, కట్ చేసెయ్యండి" అన్నాడు తమ్ముడు.

డాక్టరు నవ్వలేదు. ఫైలులో ఏదో రాసుకున్నాడు.

రక్తం కలిసింది. ఆ తరవాతి పరీక్షా కలిసింది, అంత బాగా కలవడం అరుదని డాక్టరే అన్నాడు. జూన్ పద్నాలుగున ఆపరేషనన్నారు. ఇక మా ఇంట్లో వాడే హీరో. అమ్మ ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ ఆ 'రెండూ తీసుకోమనండి' కథ చెప్పేది. గ్యాసు బండ తెచ్చినతనికి కూడా చెప్పింది. వాళ్ళ కంపెనీలో వాడిని నిలబెట్టి ఫోటో తీసి గోడకి అంటించారట. నిజం చెప్పొద్దూ, నాకూ గర్వంగానే ఉండేది. షాపులో నాతో పనిచేసే అమ్మాయి చూడ్డానికొస్తే, అమ్మ చెప్పడం మరిచిపోయిన ముక్కని నేనే అందించాను.

రక్తనాళాల స్కాను కోసం వాడిని ఒక మంగళవారం తీసుకెళ్ళారు. చేతికి మందెక్కించి గుండ్రటి మిషనులోకి తోశారు. మర్నాడు నా పక్కన కూర్చున్నప్పుడు సినిమా ఎప్పటిలాగే నడుస్తోంది. తలుపు తెరిచే సీను వచ్చింది, పోయింది. నేను నవ్వి వాడివైపు చూశాను. అప్పుడు నవ్వాడు, నన్ను చూసి.

రెండో గంటలో ఫైటు పెట్టాడు. గోదాములో హీరోని చుట్టుముడతారు. వెనకనుంచి ఒకడొచ్చి పక్కటెముకల కింద కత్తి దింపుతాడు. హీరో ఆ కత్తిని తనే లాగి, దాంతోనే మిగతా పని కానిస్తాడు. వాడికి ప్రాణమైన ఫైటు అది, యాభైసార్లు చూసుంటాడు. కత్తి పైకి లేవగానే వాడి వేలు తెరమీద జారింది. ఫైటు దాటిపోయి పాట మొదలైంది.

"అరె, ఎందుకయ్యా జరిపావు?" అన్నాడు మాస్టారు.

"చూసిందేగా మాస్టారూ."

నేను వాడి మొహం చూడలేదు. రెండో చేతిని చూశాను. అది చొక్కా లోపలికి పోయి, ఎడమవైపు డొక్కని గట్టిగా అదిమి పట్టుకుని ఉంది. అలా పట్టుకున్నట్టు వాడికే తెలియదు. నేను పైకప్పు పలకలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను.

అప్పట్నుంచి చూడకూడదనుకున్నా అన్నీ కనపడ్డాయి. భోజనం సగంలో లేచిపోయేవాడు. ఆపరేషనుకి ఒళ్ళు తగ్గిస్తున్నాడని అమ్మ మురిసిపోయేది. జూన్ వచ్చినా గోడమీది కేలండరులో మే నెల కాగితం ఎవరూ తిరగెయ్యలేదు. ఒక పొద్దున బట్టలు ఆరేస్తూ మరదలు నా పక్కకి వచ్చింది. వారం రోజులుగా ఆయన లిఫ్టు గోతిలోకి దిగడం లేదని, పైన మోటారు గది పనే చేస్తానంటున్నాడని, వాళ్ళ సూపర్వైజరు ఫోను చేశాడని చెప్పింది. తడి చొక్కాని మళ్ళీ మళ్ళీ దులుపుతూనే ఉంది.

"నేనేమీ అనలేదు వదినా. నా మీద ఒట్టు. వద్దని ఒక్క మాట కూడా అనలేదు" అంది.

"నిన్నెవరు అన్నారే" అన్నాను.

నాలుగు రోజులు ఆలోచించాను. ఎందుకు భయమని వాడిని అడిగితే, భయమేంటక్కా అని ఇంకో డైలాగు కొడతాడు. ఆ డైలాగు కొట్టాక ఇక వెనక్కి రాలేడు. ఆపరేషను బల్లదాకా నవ్వుతూనే వెళ్ళి పడుకుంటాడు. అలా పడుకున్నవాడి ఒంట్లోంచి తీసింది నా ఒంట్లో పెట్టుకుని ఎలా తిరగను? ఇలా అనుకోగానే నా మీద నాకే కాస్త గౌరవం కలిగింది కూడా. గురువారం, డయాలసిస్ లేని రోజు, ఇంట్లో షాపుకని చెప్పి ఒక్కదాన్నే పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఏం చెప్పాలో దారంతా మనసులో వల్లెవేసుకున్నాను.

"మా తమ్ముడు సరిపడడని చెప్పేయండి డాక్టర్ గారూ. వాడు అడగలేదు, నేనే అడుగుతున్నాను. వాడికి భయంగా ఉంది, చెప్పుకోలేకపోతున్నాడు."

ఆయన కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టాడు. దాని కుడి కొమ్మకి మర వదులైంది. నా చెయ్యి దానిమీదికి పోబోయి ఆగింది.

"స్కాను చూశాం. ఆ కిడ్నీ తియ్యడం మంచిది కాదనుకున్నాం. ఆయనకి చెప్పాను. మీకు చెప్పలేదా?"

"ఎప్పుడు చెప్పారు?"

"నిన్న."

నిన్న బుధవారం. నాలుగు గంటలూ నా పక్కనే ఉన్నాడు. మధ్యలో ఒకసారి మందులు తెస్తానని కిందకి వెళ్ళి, మందులు లేకుండా వచ్చి, షాపు మూసేశారన్నాడు. మధ్యాహ్నం మూడింటికి.

"స్కానులో నిజంగానే తేడా ఉందా?"

"మెడికల్ కారణమమ్మా" అన్నాడాయన. "నేను చెప్పగలిగింది అంతే" అని కళ్ళజోడు పెట్టుకున్నాడు.

నేను అడగడానికి వెళ్ళింది అదే. నాకు దొరికింది కూడా అదే. లేచి నమస్కారం పెట్టి రావాలి, వచ్చాను. అయినా బయట వరండాలో బెంచీ మీద అరగంట పైగా కూర్చుండిపోయాను. వాడిని నేను వదిలేద్దామని వెళ్ళాను. నేను వెళ్ళేసరికే వాడు నన్ను వదిలేసి ఉన్నాడు. ఈ రెంటికీ ఫలితం ఒకటే కదా అని ఎంత సర్దిచెప్పుకున్నా లేచి ఇంటికి వెళ్ళబుద్ధి కాలేదు.

ఆ సాయంత్రం వాడు ఇంట్లో చెప్పాడు. కిడ్నీకి వెళ్ళే రక్తనాళం ఒకటి ఉండాల్సిన చోట రెండున్నాయట. కోస్తే నిలవదట. అమ్మ ఏడుస్తూ మళ్ళీ మళ్ళీ అడుగుతుంటే వాడు మళ్ళీ మళ్ళీ చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ కాస్త పెరిగింది. చివరిసారి చెప్పేటప్పటికి నాళాలు మూడయ్యాయి. అమ్మని చూసి చెప్పాడు, మరదలిని చూసి చెప్పాడు, గోడని చూసి చెప్పాడు. నా వైపు చూడలేదు.

"పోనీలేరా, నీ చేతుల్లో ఏముంది" అన్నాను.

అప్పుడు పెద్దగా ఏడ్చాడు. ఎక్కిళ్ళు వచ్చేదాకా. అమ్మ తన ఏడుపు మానేసి వాడి తల నిమరసాగింది. మరదలు వంటగదిలోకి వెళ్ళి ఊరికే కొళాయి తిప్పింది.

శుక్రవారం ఫోను స్టాండు మీద పెడుతుంటే తలనొప్పన్నాను. సోమవారం, నువ్వు రావక్కర్లేదు, పనికెళ్ళు, నేను వెళ్ళి రాగలను అన్నాను. అయినా వాడు నా వెనకే వచ్చి, లోపలికి రాకుండా, వరండాలో అదే బెంచీ మీద కూర్చున్నాడు. తలుపుకున్న గాజుపలక లోంచి వాడి భుజం కనిపించేది. నాలుగు గంటలూ ఆ భుజం అక్కడే ఉండేది. బుధవారమూ అంతే. చేతిలో ఫోను ఉండేది కాదు.

"ఇవాళా సినిమా లేదా అమ్మా?" అన్నాడు మాస్టారు.

లేదన్నాను. ఆయన కాస్త నిరాశపడి, మేడమీదికెగిరిన కారు లెక్కలో తను గాలి ఒత్తిడి కలపడం మర్చిపోయానని, ఇంకోసారి చూడాలని అన్నాడు. వచ్చే వారం చూద్దాంలెండి అన్నాను.

ఆ తరవాతి సోమవారం రెండో మంచం మీద ఉతికిన దుప్పటి పరిచి ఉంది. మిషను ఆపేసి గొట్టాలు చుట్టి పైన పెట్టారు. ఆదివారం పొద్దున, కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే, అని టెక్నీషియను నా చేతికి దూది రాస్తూ చెప్పాడు. ఆ రోజు నాలుగు గంటలూ ఆ దుప్పటి మడతలే చూశాను. ఆయన అడిగింది ఒక్క సినిమా. నాకు మా తమ్ముడి మీద కోపమొచ్చి ఆయనకి లేకుండా చేశాను.

ఎండలు జూన్ చివరికొచ్చినా తగ్గలేదు. శుక్రవారానికీ సోమవారానికీ మధ్య రెండు రోజుల ఎడం ఉంటుంది. మాలాంటి వాళ్ళకి కష్టమైనది ఆ ఎడమే. అలాంటి ఒక ఆదివారం మధ్యాహ్నం కరెంటు పోయింది. ఫ్యాను ఆగిపోయింది. నాలుక అంగిట్లో అతుక్కుపోయింది. మూడో గ్లాసు పదకొండింటికే అయిపోయింది. వంటగదిలోకి వెళ్ళి జగ్గెత్తాను. చచ్చిపోవాలని కాదు. ఆ వేసవి మొత్తంలో ఒక్కసారి కొలవకుండా తాగాలనిపించింది, అంతే. తాగాను. చల్లదనం కడుపులోకి జారుతుంటే కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. జగ్గు నింపి మళ్ళీ తాగాను.

నాలుగింటికి ఊపిరి ఆడటం మానేసింది. పడుకుంటే మునిగిపోతున్నట్టుంది, కూర్చుంటే ఛాతీలో గరగరమంటోంది. అమ్మ కేకకి తమ్ముడు స్నానాల గదిలోంచి బనియనుతోనే పరిగెత్తుకొచ్చాడు. మూడంతస్తుల మెట్లు నన్ను ఎత్తుకుని దిగాడు. నడుం పట్టేసి మధ్యలో ఒకసారి గోడకి ఆనుకున్నాడు. వాడి గుండె నా చెవికి కొట్టుకుంటోంది. పక్కింటివాళ్ళ కారులో నన్ను పడుకోనివ్వకుండా తన ఎదురుగా నిటారుగా కూర్చోబెట్టి, నా నుదురు తన భుజానికి ఆనించుకున్నాడు. దేనికైనా ఒక మాట అతికించే మనిషి, దారంతా నోరు విప్పలేదు.

ఎమర్జెన్సీలో మొహానికి మాస్కు బిగించారు. దాంట్లోంచి గాలి హోరుమని తోసుకొస్తోంది. సూదులు గుచ్చి మిషను పెట్టారు. వాడు నా కుడిచేతి వేళ్ళు పట్టుకుని, మంచం పక్కన నేలమీద మోకాళ్ళ మీద కూర్చున్నాడు. మాస్కు దగ్గరికి వంగాడు.

"అక్కా, స్కాను బానే ఉంది. నేనే వద్దన్నాను. బల్లమీద పడుకోబెట్టి కోస్తారంటే... నావల్ల కాలేదు."

నేను కళ్ళు మూసుకున్నాను. గాలి హోరు వింటూ ఉండిపోయాను. టెక్నీషియను వచ్చి వాడిని బయటికి పంపేశాడు.

మూడోరోజుకి ఇంటికొచ్చాను. వారానికల్లా వానలు పడ్డాయి. గాలి చల్లబడి, దాహం సగం తగ్గింది. ఆ శుక్రవారం గది తలుపు దగ్గర వాడు ఆగిపోతే, "ఏదో ఒకటి పెట్టు" అన్నాను. వాడు గబగబా లోపలికొచ్చి స్టాండు విప్పాడు. తొందరలో రెండుసార్లు ఫోను పడేశాడు.

క్షమించానా అంటే, కొన్నిరోజులు క్షమించాను. సూది నరం తప్పి చెయ్యి ఉబ్బిపోయిన రోజు, ఆ నొప్పి అంతా వాడిదేనని పళ్ళు కొరుక్కున్నాను. మర్నాడు వాడే ఐసుముక్కలు గుడ్డలో కట్టి తెచ్చి చేతిమీద పెడుతుంటే చెయ్యి చాపాను. కానీ సినిమాలు మాత్రం మళ్ళీ మొదలయ్యాయి, ఒకసారి నవ్వొచ్చింది కూడా. విలనుకి భయపడి కమెడియను బీరువాలో దాక్కుంటాడు. చీకట్లో పక్కవాడిని, నువ్వెవరికి భయపడి దాక్కున్నావు బాబూ అని అడిగి తన కష్టమంతా చెప్పుకుంటాడు. పక్కనున్నది విలనే. నా ఒళ్ళంతా కదిలి, సూది జరిగి, మిషను గోల పెట్టింది. టెక్నీషియను వచ్చి ఇద్దర్నీ చీవాట్లేశాడు. చాలా రోజుల తరవాత తమ్ముడు నా మొహంలోకి సూటిగా చూశాడు. వెంటనే చూపు తిప్పుకున్నాడు. ఆ రోజు చెప్పింది నేను విన్నానో లేదో వాడికి తెలియదు. అడగడానికి ధైర్యం లేదు.

జులై నెలాఖరుకి రెండో మంచానికి కొత్త మనిషి వచ్చింది. ఇరవై రెండేళ్ళ పిల్ల, కుట్టు నేర్పే స్కూల్లో టీచరట. తోడు వాళ్ళ నాన్న, బస్సు డ్రైవరు. ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి. మొదటి వారమే అందరిముందూ, నా కూతురికి నా కిడ్నీ ఇస్తాను, కావాలంటే ప్రాణమే ఇస్తానని చెప్పాడు. మంచాలవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆ పిల్ల మొహం గోడవైపు తిప్పుకుంది.

తమ్ముడు చప్పట్లు కొట్టలేదు. సినిమా ఆపి, ఆయన బయటికి వెళ్తే వెనకే వెళ్ళాడు. తుడిచిన నేల ఆరడానికని ఆ పూట తలుపు తెరిచి పెట్టారు. వరండాలో మాటలు నాకు వినిపిస్తున్నాయి.

"మీరు ఇస్తానన్నారు, చాలా మంచిదండీ. ఒకవేళ మధ్యలో భయమేస్తే మాత్రం, డాక్టరుకి చెప్పి తప్పుకోకండి. ముందు అమ్మాయికి చెప్పండి. మీ నోటితో మీరే."

"నాకు భయమేంటి బాబూ?" అన్నాడు డ్రైవరు, కాస్త నొచ్చుకున్నట్టుగా.

"నాకూ లేదండీ. అందుకే చెప్తున్నా."

వాడు తిరిగొచ్చి కూర్చున్నాడు. ఫోను తెరమీద హీరో కాలెత్తి గాల్లో ఆగిపోయి ఉన్నాడు. వాడు దాన్ని కదపబోతుంటే ఆగమన్నాను.

"నాకు చెప్పావుగా" అన్నాను.

వాడికి అర్థం కాలేదు.

"ఆ ఆదివారం. మాస్కు మొహానికే కదరా పెట్టారు, చెవులకి కాదుగా."

వాడు ఫోను వైపే చూస్తూ ఉండిపోయాడు. తెర చీకటి పడిపోయింది, మళ్ళీ వెలిగించలేదు. పక్క మంచం పిల్ల మాకేసి చూసి, చూడనట్టు కళ్ళు దించుకుంది.

"మరి ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదక్కా?" అన్నాడు చివరికి.

ఇది ఆరేళ్ళ కిందటి మాట. ఆ డ్రైవరు తన కూతురికి కిడ్నీ ఇచ్చాడు, ఆ పిల్ల బాగుంది. నాకు ఇవ్వగలిగినవాళ్ళు ఇంకా దొరకలేదు. వారానికి మూడు మధ్యాహ్నాలు ఇప్పటికీ ఆ గదిలోనే. తమ్ముడు ఒక్కరోజు కూడా మానలేదు. దానికోసం పని వేళలు మార్చుకున్నాడు. మొదటిరోజు మొదటి ఆట సోమవారమైనా, బుధవారమైనా, శుక్రవారమైనా వదులుకుంటాడు. కొత్త సినిమాలన్నీ శుక్రవారమే వస్తాయి.

ఆ పూట వాడడిగిన దానికి ఏదో ఒకటి చెప్పి దాటెయ్యొచ్చు. నోటిదాకా వచ్చాయి కూడా, పెద్దమనిషి మాటలు రెండు మూడు.

"భయమేసింది" అన్నాను. "చెబితే నువ్వు రావడం మానేస్తావేమోనని."

వాడు చొక్కా చేత్తో మొహం తుడుచుకున్నాడు. కుర్చీని మంచానికి దగ్గరగా జరుపుకుని, ఇయర్‌ఫోను ముక్క నా చెవిలో పెట్టాడు. మిషను మీద ఇంకా గంటా నలభై నిమిషాలు చూపిస్తోంది.